గట్టు నడవనిదే మాట చెప్పని మనిషి

పెదనాన్న పోయాడని అన్నయ్య ఫోన్ చేసేసరికి నేను హైదరాబాదులో మా ల్యాబ్ మెట్లెక్కుతున్నాను. "అమ్మాయ్, నాన్న వెళ్ళిపోయాడే. కాఫీ తాగాడు. కాలవకి నీళ్ళొదిలారా అని అడిగాడు. ఒదిలారని చెప్పాను. ఊఁ అన్నాడు, అంతే," అన్నాడు. వదిన ఫోన్ తీసుకుని, ఎండ ముదరకముందే బయల్దేరమని చెప్పింది.

వస్తుందని తెలిసిన కబురే. ఆయనకు మా అందరికంటే ముందే తెలుసు, దాచకుండా ఊరంతటికీ చెప్పాడు కూడా. అయినా మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని బస్సెక్కాను. ఏడుపు మొహంతో వచ్చినవాళ్ళను చూస్తే ఆయనకు చిరాకు. తగాదాతో వచ్చినా, కష్టంతో వచ్చినా, "ముందు మొహం కడుక్కో, తర్వాత చెప్పు," అనేవాడు.

ఆయన గురించి మీరు విని ఉండరు. పేపర్లో ఫొటో పడేంత పదవి ఏదీ ఆయన చేయలేదు. ఈపూరు మండలంలో ఒక పల్లె మాది. మా నాన్నకు అన్న ఆయన. మిరప, పత్తి వేసే రైతు, ఊళ్ళో పొలం తగాదాలు తీర్చే పెద్దమనిషి. నేను మూత్రాశయ క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేసేదాన్ని. ఆయన పనికీ నా పనికీ ఏనాడైనా సంబంధం కలుస్తుందని మా ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు. చివరికి ఆయన ఒంట్లోనే కలిసింది. అందుకే ఇది రాస్తున్నాను.

పొలం గట్టు తగాదా మా వైపు చిన్న సంగతి కాదు. దున్నేటప్పుడు ఒక సాలు గట్టులోకి జరుపుతారు, మరుసటి ఏడు ఇంకో సాలు. చూస్తుండగానే మనిషి నడిచే గట్టు కోడి నడిచేంత అవుతుంది. ఓ పొద్దున పక్క రైతు చూసుకుని కేకలేస్తాడు. తలలు పగలగొట్టిన గట్లు, తండ్రి వేసిన దావా కొడుక్కి మిగిల్చిన గట్లు మా పల్నాడులో అడిగినన్ని చూపిస్తాను.

అలాంటి తగాదా వస్తే పెదనాన్న దగ్గర ఒకటే పద్ధతి. ఇద్దరూ స్వయంగా రావాలి. చెప్పులు హద్దురాయి దగ్గర విడవాలి. ఆయన మధ్యలో, వాళ్ళు ముందొకరు వెనకొకరు, గట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా వట్టి కాళ్ళతో నడవాలి. నడిచినంతసేపూ నోరెత్తకూడదు. కొస చేరాక ఒకరి తర్వాత ఒకరు తమ నోటితోనే చెప్పుకోవాలి. పాత గట్టు కాలికి గట్టిగా, కొత్తగా దున్నింది మెత్తగా తగులుతుందని ఆయన నమ్మకం. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు. ఎండలో మాటా పలుకూ లేకుండా అంత దూరం నడిచేసరికి సగం కోపం దిగిపోవడం మాత్రం నిజం. సగం దారిలోనే ఇద్దరూ నవ్వేసుకున్న తగాదాలూ ఉన్నాయి.

"గట్టు నడవకుండా నేను మాట చెప్పను. మనిషి రాకుండా మాటొక్కటే వస్తే నేను వినను." ఈ రెండు ముక్కలు ఊళ్ళో అందరికీ కంఠతా వచ్చు.

మా ఎదురింటి మామతో చెడింది ఈ రెండో ముక్క దగ్గరే. చుట్టరికం లేదు, వరసకు మామ. ఊళ్ళో అవతలి పార్టీకి పెద్ద. ఆయన పొలానికి గట్టు తగాదా వచ్చినప్పుడు నడవడానికి తను రాకుండా పాలేరును పంపాడు. పెదనాన్న ఆ పాలేరుకు మజ్జిగ ఇప్పించి, "నీతో ఎవరికీ తగాదా లేదు నాయనా, నడవాల్సినాయన్ని రమ్మను," అని తిప్పి పంపాడు. మామకు అది తల కొట్టేసినట్టయింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురు గేట్లు, ఒకటే బజారు, చుట్టలు కొనే కొట్టు కూడా ఒకటే. ఒకాయన కొట్టు దగ్గరుంటే రెండో ఆయన బజారు మలుపులో ఆగి, అటు తిరిగి నిలబడేవాడు. పిల్లలం మాకు అది చూడటం సరదాగా ఉండేది.

పెదనాన్నకు వేళాకోళం ఎక్కువ. నాకు డాక్టరేట్ వచ్చిందని తెలిశాక ఊళ్ళోవాళ్ళు మోకాళ్ళ నొప్పులు, గ్యాస్ నొప్పులు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నేను ఆ రకం డాక్టర్ని కాదని వాళ్ళకు నచ్చజెప్పలేక అవస్థ పడుతుంటే ఆయన వసారాలోంచి కేకేసేవాడు: "మా పిల్ల మందు రాయని డాక్టరయ్యా! రాయించుకోవాలంటే నర్సరావుపేట పొండి!" వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. నేను కోపం తెచ్చుకుంటే, "మందు రాసేవాళ్ళు చానామంది ఉన్నారు గానీ, నువ్వు చూసేది నువ్వు చూడు," అని బుజ్జగించేవాడు.

ఒక ఏడు సెలవుల్లో వెళ్ళినప్పుడు మిరప కల్లంలో కూర్చుని ఇద్దరం తాలుకాయలు, అంటే రంగుపోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతున్నాం. ఆయన నోట్లో చుట్ట ఉంది. ఉన్నట్టుండి అడిగాడు.

"అమ్మాయ్, పొద్దస్తమానం ఆ గాజు పలకల్లో ఏం చూస్తంటావే?"

చెప్పాను. ఒంట్లో ప్రతి కణానికీ బయటి గోడ మీద రిసెప్టర్లని ఉంటాయి. గుమ్మంలో కూర్చుని బయటి కబురు విని లోపలికి చేరవేసే మనుషుల్లాంటివి. ఎక్కడో పుండు పడితే "పెరగండి" అని కబురొస్తుంది. గుమ్మంలో ఉన్నది విని లోపలివాడికి చెబుతుంది, వాడు ఇంకొకడికి, చివరికి కణం రెండవుతుంది. పుండు మానగానే కబురు ఆగిపోతుంది, గుమ్మంలో ఉన్నదీ నోరు మూసుకుంటుంది.

"మరి క్యాన్సరంటే?"

"కబురు రాకపోయినా వచ్చిందని చెప్పడం మొదలుపెడుతుంది పెదనాన్నా. లేకపోతే గుమ్మంలో కొందరుండాల్సిన చోట గుంపు చేరుతుంది. లోపలివాళ్ళు అది నమ్మి పెరుగుతానే ఉంటారు."

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టాడు. "పంపినోడు లేకుండానే కబురా! అందుకే మనిషి రావాలంటా నేను."

"నీ పద్ధతి ఒంట్లో పెడితే ఒక్క పూట కూడా బతకం. అక్కడ ఏ పనైనా మధ్యవాళ్ళ మీదే నడవాలి," అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కాసేపు వాదులాడుకున్నాం. తర్వాత ఆయనే ఇంకో ప్రశ్న వేశాడు.

"పెరిగితే పెరిగింది. ఉన్నచోట ఉండొచ్చుగా. పక్క చేలోకి ఎందుకు పోవడం?"

నా చదువంతా ఆ ప్రశ్న మీదే. మూత్రాశయం లోపలి పొరలో పుట్టిన గడ్డ కొందరిలో ఏళ్ళ తరబడి ఆ పొరలోనే ఉంటుంది. గీకి తీసేసి కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. కొందరిలో కిందనున్న కండలోకి దిగుతుంది. దిగిందంటే జబ్బు తీరే వేరు, వైద్యమూ వేరు. ఆ దొంగ కబుర్లలో కొన్ని కణాన్ని పెరగమనడంతో ఆగవు. పక్క కణం చెయ్యి వదలమంటాయి, కింది నేలను కరిగించమంటాయి, కదలమంటాయి. ఏ రిసెప్టర్ ఏ కబురు మోస్తోంది, గడ్డ కదలబోతోందని ముందుగా పట్టుకోగలమా అన్నదే మా ల్యాబ్‌లో మేం చేసే పని. ఇదంతా ఆయనకు చెప్పి, "ఆ కండే గట్టనుకో," అన్నాను.

"అట్టా చెప్పు," అన్నాడు, చుట్ట ఆర్పి. "గట్టు దాటిందా లేదా. అంతేగా."

అంతే. ఆ చుట్టల పొగే మూత్రాశయానికి పెద్ద శత్రువని కూడా ఆ రోజే చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత కొన్నేళ్ళకు, ఎండాకాలంలో, పెద్దమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుంటే మాటల మధ్య చెప్పింది. "మీ పెదనాన్నకి బాగా వేడి చేసిందే. ఒంటేలు ఎర్రగా పోతంది. బార్లీ కాచి ఇచ్చాను, సబ్జా నానబోసి ఇచ్చాను, తగ్గింది." తగ్గిందా అని అడిగితే, కిందటి నెలలో కూడా ఇలాగే వచ్చి తగ్గిందని చెప్పింది.

మా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. ఎండన పడి పని చేసేవాళ్ళు, మిరప ఘాటులో బతికేవాళ్ళు. ఎర్రగా పోతే వేడి, వేడికి బార్లీ. ఈ జబ్బు కూడా అందుకు తగ్గట్టే మోసం చేస్తుంది. నొప్పి ఉండదు, రక్తం రెండు మూడు రోజులు పడి దానంతటదే ఆగిపోతుంది. అది ఆగే సమయానికి చేతిలో బార్లీ గ్లాసు ఉంటుంది. పేరు బార్లీకి పోతుంది, లోపల గడ్డ తన పని తను చేసుకుంటుంది.

ఫోన్ పెదనాన్నకు ఇమ్మన్నాను. "ఆడపిల్లతో మాట్లాడే సంగతా అది," అని అవతల గొణగడం వినబడింది.

"పెదనాన్నా, పెద్దమ్మ చెప్పింది నేను వినలేదు. మనిషి రాకుండా మాటొక్కటే వస్తే వినకూడదంటగా. నీ నోటితో నువ్వే చెప్పు."

పెదనాన్న పెద్దగా నవ్వాడు. "నా తీర్పు నాకే చెప్తన్నావంటే, గట్టిపిల్లవే!" అని, ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు పడింది, గడ్డలుగా పడిందా, అన్నీ వరసగా చెప్పాడు. మర్నాడే అన్నయ్య ఆయన్ని నరసరావుపేట తీసుకెళ్ళి స్కానింగ్ చేయించాడు. మూత్రాశయం గోడకు గడ్డ కనిపించింది. గుంటూరులో మూత్రం దారిగుండా సన్నటి గొట్టం పంపి, ఆ గడ్డను గీకి తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు నేను గుంటూరు చేరేలోపే వచ్చింది. ఆసుపత్రి బయటే అన్నయ్య నన్ను ఆపి, కళ్ళు తుడుచుకుంటూ, "నాన్నకి రాళ్ళని చెప్పాం. నువ్వూ అదే చెప్పు. తెలిస్తే తట్టుకోలేడు," అన్నాడు. మా కుటుంబాల్లో ఇదీ ఒక ఆచారమే. జబ్బు పడినవాడికి తప్ప అందరికీ జబ్బు పేరు తెలుస్తుంది. ప్రేమతోనే చేస్తారు, కాదనను.

పెదనాన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు. "అందరూ రాళ్ళంటన్నారు. రాళ్ళయితే మీ అన్న ఎందుకేడుస్తన్నాడే?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను పెదనాన్న వైపు చూసి చెప్పాను. "రాళ్ళు కాదు. క్యాన్సర్."

ఆయన తల పంకించాడు. అన్నయ్య గోడ వైపు తిరిగాడు. "అయితే చెప్పు," అన్నాడు పెదనాన్న, "గట్టు దాటిందా లేదా?"

చిక్కంతా అక్కడే ఉంది. గడ్డ దూకుడు రకమని, లోపలి పొర దాటి దాని కింది పొరలోకి దిగిందని రిపోర్టులో ఉంది. కండలోకి దిగిందా అంటే, పంపిన ముక్కల్లో కండ లేదు, అందువల్ల చెప్పలేం అని ఉంది. గీకినప్పుడు అంత లోతుకు అందలేదన్నమాట. ఒక్కోసారి అలా జరుగుతుంది. డాక్టర్ గారు రెండోసారి గీకి చూడాలంటున్నారు. దాటకపోతే మూత్రాశయం ఉంచి వైద్యం చేస్తారు. దాటితే మూత్రాశయమే తీసేయాలి. దాటలేదనుకుని ఊరుకుని, అది దాటి ఉంటే, మనిషి మిగలడు.

ఇంటిల్లిపాదీ అడ్డం పడ్డారు. "మళ్ళీ కెలికితే పాకుద్ది. కత్తి తగిలితే అది ఊరుకోదు," అంది పెద్దమ్మ. ఊరి నుంచి వచ్చిన బంధువులందరూ అదే అన్నారు. కత్తి పెట్టాకే పోయారని ఎవరెవరి పేర్లో చెప్పారు. వాళ్ళు ఆలస్యంగా వెళ్ళి పోయారు తప్ప కత్తి వల్ల కాదని నేను అరిచినంత పని చేశాను. నా మాట ఎవరికీ ఎక్కలేదు. అన్నయ్య ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దుతున్నాడు.

పెదనాన్న అన్నీ విన్నాడు. తగాదాల్లో ఎలా వింటాడో అలాగే, మధ్యలో ఎవరి మాటా తుంచకుండా విన్నాడు. చివరికి అన్నాడు: "ఒరేయ్, ఆ డాక్టర్లు గట్టు మొగదల దాకా పోయి తిరిగొచ్చారు. కొసదాకా నడవలా. నడవకుండా తీర్పు చెప్పమంటే ఎట్టా చెప్తారు? నేనే చెప్పను గదా! బట్టలు లోపల పెట్టు."

అన్నయ్య బట్టలు లోపల పెట్టాడు.

రెండోసారి గీకిన ముక్కల్లో కండ వచ్చింది. కండలో గడ్డా ఉంది. అది కూడా నేనే చెప్పాను. ఆయన ఒక కోరిక కోరాడు, తను చూడాలని. పరీక్ష చేసిన మేడమ్ పెద్దావిడ. నవ్వి, "పేషెంట్లెవరూ ఇంతవరకు అడగలేదండీ," అంటూ మైక్రోస్కోపు దగ్గర ఆయనకు కుర్చీ వేయించింది. గులాబీరంగు పట్టీలు పట్టీలుగా కనబడేది కండ అని, వాటి మధ్య ఊదారంగు గుంపులు గడ్డ కణాలని నేను చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాడు.

"దున్నేసిందే," అన్నాడు. పొరుగు రైతు మీద కోప్పడినట్టే అన్నాడు. తర్వాత తల ఎత్తి, "అవతలి చేలోకి పోయిందా?" అని అడిగాడు. పోయినట్టు స్కానింగ్‌లో లేదన్నాను. "అయితే ఏడుపెందుకు? తీసేయమను," అన్నాడు. నాకు ఆ క్షణాన ఆయన మీద కలిగిన గౌరవం నా చదువులో నాకు పాఠం చెప్పిన ఎవరి మీదా కలగలేదు.

ముందు కీమో ఇచ్చారు, తర్వాత మూత్రాశయం తీసేశారు. పేగు ముక్కతో దారి చేసి పొట్ట మీద సంచి పెట్టారు. చుట్టలు మానేశాడు. మానినందుకు పెద్దమ్మను సాధించాడు, అన్నంలో ఉప్పు తక్కువని, కాఫీ చల్లారిందని. లవంగాలు నములుతూ తిరిగేవాడు.

ఆపరేషనయ్యాక ఇంట్లోంచి కదలడేమో, నలుగురిలోకి రాడేమో అని మేమంతా భయపడ్డాం. కోలుకున్నాక మొదటి రోజే టీ కొట్టుకు వెళ్ళి, చొక్కా ఎత్తి సంచి చూపించాడట. "ఇదిగో, ఇదీ సంగతి. గుసగుసలెందుకు, అడగండి." తర్వాత తనే అడగడం మొదలుపెట్టాడు. చుట్టలు తాగేవాళ్ళెవరు కనబడినా, బజార్లోనైనా, పెళ్ళిపందిట్లోనైనా, గొంతు తగ్గించకుండా, "ఎర్రగా పోతందా నీకు?" అనేవాడు. జనం ఆయన్ని చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు. పెద్దమ్మ సిగ్గుతో చచ్చిపోతున్నానని నాకు ఫోన్ చేసి చెప్పుకునేది.

అలా అడగ్గా అడగ్గా కొందరు చెప్పారు. ఆయనే దగ్గరుండి బస్సెక్కించాడు. ఒకాయనకు నిజంగానే రాళ్ళు. ఇంకొకాయనకు ప్రోస్టేటు వాపు. ముప్పాళ్ళలో ఉండే పెద్దమ్మ తమ్ముడికి మాత్రం గడ్డే, అయితే లోపలి పొరలోనే దొరికింది. గీకి తీసేశారు. ఆయన ఇప్పటికీ పరీక్షలకు వెళ్ళి వస్తూ పత్తి వేసుకుంటున్నాడు. బార్లీని మాత్రం పెదనాన్న తిట్టేవాడు కాదు. "తాగండయ్యా, వద్దన్నానా? బస్సెక్కి తాగండి!" అనేవాడు.

ఈ ఏడు మిరప కోతలప్పుడు ఎదురింటి మామ గేటు ముందు గోలీసోడా బండి, కొబ్బరిబోండాల బండి తరచుగా ఆగడం చూసి, ఆయనకూ 'వేడి' చేసినట్టుందని పెదనాన్న కనిపెట్టాడు. ఆయన కూడా ముదురు చుట్టల మనిషే. కబురు పంపడం పెదనాన్న పద్ధతి కాదు కదా, అందుకని అన్నేళ్ళ తర్వాత తనే రోడ్డు దాటి ఆ గేటు దగ్గరికి వెళ్ళాడు. పాలేరు వచ్చి, అయ్యగారు ఇంట్లో లేరన్నాడు. పెదనాన్న తిరిగొచ్చి వసారాలో కూర్చుని, "లోపలే ఉన్నాడు. చుట్ట వాసనొస్తంది," అన్నాడట. కోపం లేదు, దిగులు మాత్రం ఉందని పెద్దమ్మ చెప్పింది.

అంతకు ముందే, ఆపరేషనయ్యాక కొన్నేళ్ళు బాగా గడిచి, జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఈసారి నా చేతిలో ఒక ఆశ ఉంది. కణం మీది ఒక రకం రిసెప్టర్ నోరు నొక్కే బిళ్ళలు వచ్చాయి. ఆ రిసెప్టర్‌ను చేసే జన్యువులో ఫలానా మార్పు ఉన్నవాళ్ళకే అవి పనికొస్తాయి. నేను ఏళ్ళ తరబడి చదివిన రిసెప్టర్ అది. ఆయన గడ్డ ముక్క పరీక్షకు వెళ్ళిన రోజు నుంచీ నాకు అన్నం సహించలేదు. దేవుడికి మొక్కుకున్నాను కూడా, దాచడం ఎందుకు.

మార్పు లేదని వచ్చింది.

ఈసారి ఆయనే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. "ఏందే, నా ఇంటి తాళానికి పట్టలేదని తాళంచెవి పారేస్తావా? పట్టేవాళ్ళుంటారు, ఆళ్ళకియ్యి," అన్నాడు. వేరే మందులు ఇచ్చారు, అవి కొంతకాలం పనిచేశాయి. తన గడ్డ ముక్కలు పరిశోధనకు ఇచ్చేటప్పుడు, అవి నా దగ్గరికే వస్తాయా అని అడిగాడు. రావచ్చు, కానీ పేరు తీసేస్తారు, ఏది నీదో నాకు తెలియదు అన్నాను. "మంచిదేగా. అన్నిటినీ ఒకే రకంగా చూస్తావు," అన్నాడు.

చివరిసారి నేను వెళ్ళినప్పుడు వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, గొంతు మాత్రం తగ్గలేదు. ఎదురు గేటు వైపు చూపించి, "ఎదురింటాయన వస్తే పాత సంగతులు తియ్యమాక. అడిగింది చెప్పు. అన్నతో కారు తీయించు," అన్నాడు. ఆయన వస్తాడని నువ్వెట్టా అనుకుంటన్నావు పెదనాన్నా అని అడిగాను. "గేటు కాడ నిలబడి ఇటే చూస్తంటాడు. కాలు పడట్లా, అంతే," అన్నాడు.

పెద్దకర్మ రోజు మా వాకిట్లో షామియానా వేశారు. భోజనాలు సగమయ్యాయి. ఎండకు వాకిట్లో పరిచిన నాపరాళ్ళు కాలుతున్నాయి. ఉన్నట్టుండి వడ్డించేవాళ్ళ చేతులు ఆగాయి. అందరూ గేటు వైపు చూస్తున్నారు.

ఎదురింటి మామ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒక్కడే వచ్చాడు. చెప్పులు బయటే విడిచాడు. షామియానా నీడ పడని చోట కాలే రాళ్ళ మీద వట్టి కాళ్ళతో, ఎవరి వైపూ చూడకుండా నడుచుకుంటూ వచ్చి పెదనాన్న ఫొటో ముందు నిలబడ్డాడు. దండం పెట్టాడు. పరామర్శకు వచ్చాడనుకుని అన్నయ్య కుర్చీ లాగాడు. మామ కూర్చోలేదు. నన్ను వెతుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నేనే వచ్చాను. ఎవర్నీ పంపలేదు," అన్నాడు.

"చెప్పు మామా," అన్నాను.

చుట్టూ నలుగురూ ఉన్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. "నాకు ఎర్రగా పోతంది. మిరప కోతలప్పుడు మొదలైంది. ఆగతంది, మళ్ళీ వస్తంది. నొప్పి లేదు. మీ పెదనాన్న నా గేటు కాడికి వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పాత సంగతులేవీ తీయలేదు. ఇంకా గట్టు దాటి ఉండకపోవచ్చు మామా, ఇప్పుడే వెళ్ళి చూపిద్దాం అన్నాను. వెంటనే నరసరావుపేటలో డాక్టర్ గారికి ఫోన్ చేశాను, సాయంత్రంలోపు తీసుకురమ్మన్నారు. అన్నయ్య విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని కారు తాళాలు తెచ్చాడు. మామను ముందు సీట్లో కూర్చోబెట్టి, ఒక చెయ్యి తలుపు మీద ఆనించి, "భయపడమాక మామా," అన్నాడు. అవతలి పార్టీ పెద్దతో మా అన్నయ్య మాట్లాడిన మొదటి మాట అది.

కారు బజారు మలుపు తిరిగి ఈపూరు రోడ్డెక్కేదాకా నేను గేటు బయట నిలబడి చూశాను. లోపలికి తిరిగేసరికి మా గేటు పక్కన, పెదనాన్న ఎప్పుడూ తన జోడు విడిచే చోట, మామ చెప్పులు ఎండలో అలాగే ఉన్నాయి.